వియత్నాం గ్రామదేవతలకు రాజులిచ్చిన సాక్ ఫోంగ్‌లు: చదవడం, కాపాడడం

మెకాంగ్ తీరం (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. నేను పదకొండేళ్లుగా హో చి మిన్ నగరంలో ఉంటున్నాను. నాతో పనిచేసే ఒకాయన సొంత ఊరు మెకాంగ్ పాయల మధ్య ఉంది. ఆ ఊరి దిన్‌లో, అంటే గ్రామరక్షక దేవుణ్ణి కొలిచే మందిరంలో, వచ్చే నెల కీ యెన్ జాతర, అంటే ఊరి శాంతి కోసం మొక్కుకునే జాతర, జరుగుతుంది. ఆ దేవుడికి న్గుయెన్ వంశపు రాజు ఇచ్చిన ఆజ్ఞాపత్రాన్ని జాతర మొదటి రోజున గొడుగులతో, డప్పులతో ఊరేగించి మందిరానికి తెస్తారు. దాన్నే సాక్ ఫోంగ్ అంటారు. మిగతా ఏడాదంతా ఆ పత్రం ఊరు నమ్మిన ఒక కుటుంబం ఇంట్లో, ఎర్ర లక్క పూసిన పెట్టెలో, పితృదేవతల పీఠం పక్కన ఉంటుంది.

నా దగ్గర మంచి కెమెరా ఉందని తెలిసి, ఈసారి ఆ పత్రాన్ని ఫొటో తీసిపెట్టమని మందిరం పెద్దలు అడిగారు. ఫొటోలు తీయడం అయ్యాక దాన్ని లామినేషన్ చేయించి అద్దాల చట్రంలో పెట్టాలని వాళ్ల ఆలోచన. నాకు ఆ లిపి రాదు, పాత కాగితం సంగతీ తెలియదు. ఇంత నమ్మకంతో అప్పగించిన పనిలో తెలియక పొరపాటు చేస్తానేమోనని భయంగా ఉంది. ఆ పత్రంలో సాధారణంగా ఏముంటుంది? ఫొటో తీసేటప్పుడు దేన్ని వదిలిపెట్టకూడదు? లామినేషన్ గురించి వాళ్లకు ఏమని చెప్పాలి?

శాసన పాఠకుడు

ముందుగా, మీకు దక్కిన అవకాశం చిన్నది కాదు. చాలా ఊళ్లలో సాక్ ఫోంగ్ పెట్టె తెరవడానికే దేవుడి అనుమతి అడుగుతారు. రెండు నాణేలు వేసి, ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితేనే అనుమతి దొరికినట్టు. అందుకే ఫొటోలు తీయడానికి మీ తీరికను బట్టి కాక వాళ్ల క్రతువును బట్టి సమయం పెట్టుకోండి.

వియత్నాం రాజు తనను స్వర్గపుత్రుడిగా భావించుకునేవాడు కాబట్టి, మనుషులకు పదవులు ఇచ్చినట్టే దేవతలకు కూడా బిరుదులు, హోదాలు ఇచ్చే అధికారం తనకు ఉందనేది ఈ పత్రాల వెనుక ఉన్న భావన. ఊరు తన దేవుడి మహిమలను పై అధికారులకు విన్నవించుకుంటే, ఆ విన్నపం రాజధానిలోని కర్మకాండల మంత్రిత్వశాఖకు చేరేది. అక్కడ పరిశీలించి రాజు పేరిట పత్రం ఇచ్చేవారు. న్గుయెన్ రాజుల కాలంలో పై, మధ్య, కింది అని మూడు తరగతుల దేవతలు ఉండేవారు. రాజు సింహాసనం ఎక్కినప్పుడో, రాజుగారి పుట్టినరోజు పెద్ద వేడుకప్పుడో దేవతల హోదా పెంచడం, బిరుదుకు ఇంకొన్ని మాటలు చేర్చడం జరిగేది. అందువల్ల ఒకే ఊరిలో ఒకే దేవుడికి నాలుగైదు తరాల రాజులు ఇచ్చిన పత్రాలు దొరకడం మామూలే. రాజుల వరుస మారినకొద్దీ బిరుదు పొడుగవుతూ పోవడం వాటిలో కనిపిస్తుంది.

మీ ఊరు మెకాంగ్ ప్రాంతంలోదైతే పత్రం న్గుయెన్ వంశపు తూ డుక్ రాజు 5వ పాలనా సంవత్సరం, 11వ నెల, 29వ రోజుది కావచ్చు. దక్షిణాదిలో లెక్కలేనన్ని గ్రామాలకు ఆ ఒక్క తేదీతోనే పత్రాలు వెళ్లాయి. పుస్తకాలలో దాన్ని 1852 అని రాస్తారు కానీ, మన క్యాలెండర్ ప్రకారం అది 1853 జనవరి 8. చాంద్రమాన సంవత్సరం అప్పటికి ఇంకా పూర్తికాలేదు.

ఉత్తరాదిలోనూ ఇలాంటి పెద్ద పంపిణీలు ఉన్నాయి. కాన్ హుంగ్ అనే పాలనాశకం 44వ ఏట, అంటే 1783లో, 7వ నెల 26వ రోజు తేదీతో అనేక గ్రామాలకు పత్రాలు వెళ్లాయి. అప్పుడు పేరుకు రాజు లే వంశస్థుడే అయినా పాలన త్రిన్ ప్రభువులది, ఆ ఇంట కొత్త వారసుడు గద్దెనెక్కిన సందర్భంగా ఇస్తున్నట్టు పత్రాలలోనే రాసి ఉంటుంది. చివరి పెద్ద పంపిణీ 1924లో, ఖాయ్ దిన్ రాజు నలభయ్యో పుట్టినరోజు వేడుకకు జరిగింది. 1945 ఆగస్టు 30న బావ్ దాయ్ రాజు రాజధాని హుయేలో సింహాసనం వదులుకున్నాక కొత్త సాక్ ఫోంగ్ ఇచ్చేవాడే లేడు. ఏ ఊరిది పోయినా ఇంకొకటి రాదు.

హాన్ అక్షరాలు

నేను తైవాన్‌లో ప్రాచీన చైనీస్ చదివాను. సాక్ ఫోంగ్‌లు ఆ భాషలో, ఆ లిపిలోనే ఉంటాయి. అంటే రోమన్ అక్షరాలతో చదువుకునే ఈనాటి వియత్నాం గ్రామస్థులు కూడా తమ సొంత పత్రాన్ని చదవలేరు. అది చదవగలిగిన తాతలు పోయాక, ఊరి చేతిలో ఉన్న ఆ కాగితం కళ్లకద్దుకునే వస్తువుగా మాత్రమే మిగిలింది.

శాసన పాఠకుడు గారు చెప్పిన తూ డుక్ పత్రాల సారం ఇలా ఉంటుంది: "ఈ ప్రాంతపు రక్షకదేవునికి పూర్వం ఫలానా బిరుదు ఉంది. దేశాన్ని కాచి, ప్రజలకు నీడనిచ్చి, ఎన్నోసార్లు మహిమ చూపిన దేవుడు. మాకు రాజ్యభారం దక్కిన ఈ వేళ దేవుని మేలును తలచుకొని, ఈ మాటలు బిరుదుకు చేర్చుతున్నాం. ఫలానా గ్రామం ఎప్పటిలాగే పూజలు జరుపుకోవచ్చు. దైవమా, మాకు తోడుండి మా ప్రజలను కాపాడు. భక్తితో స్వీకరించండి." ఈ చివరి రెండు వాక్యాలు నాకు ఎప్పుడు చదివినా కొత్తగానే అనిపిస్తాయి. అంతవరకు దేవుడికి హోదా ఇస్తున్న అధికారిగా మాట్లాడిన రాజు, చివరకు వచ్చేసరికి అదే దేవుడికి మొక్కుకుంటున్నాడు.

మెకాంగ్ తీరం గారూ, మీరు ఫొటో తీసేటప్పుడు ఎడమవైపు చివర నిలువుగా ఉండే తేదీ వరుసను చాలా దగ్గరగా తీయండి. దాని మీద పెద్ద చదరపు ఎర్ర ముద్ర ఉంటుంది. "సాక్ మెన్ చి బావ్" అనే ఆ ముద్రను మిన్ మాంగ్ రాజు 1827లో బంగారంతో పోతపోయించాడు. ముద్ర అంచులు, అది ఏ అక్షరాల మీద పడిందనేది కనిపించాలి. తరువాతి కాలంలో రాసుకున్న నకళ్లను గుర్తుపట్టడానికి ఇది మొదటి ఆధారం.

ఇంకొక ఆధారం రాజుల పేర్ల నిషేధం. రాజు పేరులోని అక్షరాన్ని ఎవరూ రాయకూడదు. తూ డుక్ కాలంలో "సమయం" అనే అర్థం ఉన్న అక్షరానికి బదులు వేరొక అక్షరాన్ని వాడేవారు. అలాగే బిరుదులలో "పునరుద్ధరణకు తోడ్పడిన" అనే అర్థమిచ్చే మాటలు 1887 నాటి డోంగ్ ఖాన్ రాజు పత్రాల నుంచి విరివిగా కనిపిస్తాయి. అంతకు ముందరి తేదీ ఉన్న పత్రంలో ఆ మాటలు ఉంటే రెండోసారి ఆలోచించాలి.

కాగితం పని

నేను పాత కాగితాలను బాగుచేసే పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. మెకాంగ్ తీరం గారూ, మిగతా విషయాలు తీరికగా మాట్లాడుకోవచ్చు కానీ లామినేషన్ మాత్రం చేయించవద్దని ఈరోజే వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.

ఎందుకో తెలియాలంటే ఆ కాగితం ఎలా పుట్టిందో తెలియాలి. హనోయ్ దగ్గరి న్గియా దో ప్రాంతంలో లాయ్ అనే ఇంటిపేరున్న వంశం రాజాజ్ఞల కోసం ప్రత్యేకంగా కాగితం చేసేది. జో అనే చెట్టు బెరడును ఉడికించి, దంచి, గుజ్జు తీసి కాగితం పోస్తారు. సాక్ ఫోంగ్ కాగితానికి అక్కడితో పని అయిపోదు. అనేక పొరలు కలిసిన ఆ మందపాటి కాగితాన్ని రాతి మీద పరచి కొయ్య సుత్తులతో గంటల తరబడి కొడతారు. నారలన్నీ ఒకదానిలో ఒకటి ఒదిగి నునుపుగా, గట్టిగా తయారవుతాయి. హోయే పూలతో పసుపురంగు వేసి, జిగురు పట్టించి, దాని మీద మేఘాల మధ్య డ్రాగన్‌ను వెండి బంగారు పూతలతో గీస్తారు. నాలుగు అడుగులకు పైగా పొడవు, అడుగున్నరకు పైగా వెడల్పు ఉండే అటువంటి కాగితం చెదలకు, నీళ్లకు దొరకకుండా ఉంటే రెండు మూడు వందల ఏళ్లు సులువుగా నిలుస్తుంది.

లామినేషన్‌లో దాన్ని వేడి ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి ఒత్తుతారు. వేడికి జిగురు మెత్తబడుతుంది, వెండి పూత లేచివస్తుంది, కాగితంలోని తేమ లోపలే చిక్కుకుంటుంది. కొన్నేళ్లకు ప్లాస్టిక్ ముడతలు పడి పసుపెక్కుతుంది. అప్పుడు దాన్ని తీయబోతే రంగూ అక్షరాలూ ప్లాస్టిక్‌తోనే ఊడివస్తాయి. ఒకసారి చేసిన పనిని వెనక్కి తీసుకోగలగాలి అనేది మా వృత్తిలో మొదటి నియమం. లామినేషన్‌ను వెనక్కి తీసుకోలేం.

సెల్లోటేపు, ఫెవికాల్ వంటివి కూడా తగలనివ్వకండి. అద్దాల చట్రం కూడా ఆ తేమ ప్రాంతంలో, అగరువత్తుల పొగలో మంచిది కాదు. అద్దానికి కాగితం అంటుకుపోతుంది.

పెన్నా ఒడ్డు

కాగితం పని గారు చెప్పిన మాటకు మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. మా ముత్తాతకు దేవాలయ సేవకు ఇచ్చిన ఇనాం సనదు ఒకటి ఉండేది. పదిహేనేళ్ల క్రితం, కాపాడుకుందామనే ఆశతోనే, బజారులో ఒక దుకాణంలో లామినేషన్ చేయించాను. ఇప్పుడు అది బీరువాలో నల్లటి మచ్చలతో, మధ్యలో బుడగలతో ఉంది. దాని మీది మోడీ లిపి (పాత మరాఠీ రాత) చదవగలిగిన ఒక పెద్దాయన దొరికినప్పుడు, అక్షరాలు ప్లాస్టిక్ మెరుపులో కలిసిపోయాయని ఆయన దాన్ని నా చేతికి తిరిగి ఇచ్చేశారు. ఆ క్షణం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ ఊరి పెద్దలకు ఈ సంగతి కూడా చెప్పండి. నియమాలుగా చెప్పేదానికన్నా, పోగొట్టుకున్నవాడి మాటగా చెబితే వింటారు.

గోదారి గట్టు

నాదొక సందేహం. ఫొటోలు తీసి అంతర్జాలంలో పెడితే పరిశోధకులకు మేలే, కానీ దొంగలకు దారి చూపినట్టు కాదా? 2021లో ఫూ థో ప్రాంతంలోని జీ నౌ అనే చోట ఒక గుడిలో డజన్లకొద్దీ సాక్ ఫోంగ్‌లు దొంగల పాలయ్యాయి. మరుసటి ఏడాది అవి చైనాలో ఒక వేలం జాబితాలో కనిపించాయని చదివాను. ఆ ఊరి వాళ్ల బాధ తలచుకుంటే ఏది వెలుగులో పెట్టాలన్నా చేయి రావడం లేదు.

శాసన పాఠకుడు

గోదారి గట్టు గారి భయం న్యాయమైనదే. కానీ ఆ సంఘటననే ఇంకో వైపు నుంచి చూడండి. వేలంలో కనిపించినవి తమ ఊరివేనని చెప్పగలిగింది ఆ పత్రాల మీద ఊరి పేరు, దేవుడి పేరు ఉన్నందువల్లే, వాటిని ముందే చదివి నమోదు చేసుకున్నందువల్లే. ఎవరూ చదవని, ఫొటో లేని పత్రం పోతే అది మాది అని నిరూపించే మార్గమే ఉండదు. పాఠం, కొలతలు, చిరుగులు, మచ్చలు అన్నీ నమోదు కావాలి. ఎవరి ఇంట్లో, ఏ పెట్టెలో ఉందన్నది మాత్రం ఎక్కడా రాయకూడదు. నా అభిప్రాయంలో పాఠం అందరిది, దాచిన చోటు ఊరిది.

ఇటువంటి నమోదు కొత్తది కాదు. 1938లో ఫ్రెంచి వారి ప్రాచ్య విద్యాసంస్థ ఆధ్వర్యంలో గ్రామాలకు ఒక ప్రశ్నావళి వెళ్లింది. మీ దేవుడెవరు, కథ ఏమిటి, రాజాజ్ఞలు ఎన్ని, ఉత్సవం ఎప్పుడు అని అడిగితే వేల గ్రామాలు జవాబులు రాసి పంపాయి. ఆ తరువాతి యుద్ధాలలో మందిరాలు కాలిపోయిన ఎన్నో ఊళ్లకు, తమ దేవుడి ఆజ్ఞలో ఏముండేదో చెప్పేవి ఇప్పుడు ఆ జవాబులే. మనవారికి ఇది చదవగానే కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయత్తులు, అంటే గ్రామ చరిత్రలు, గుర్తుకొస్తాయి. ఊరు తన కథను తానే చెప్పుకున్న తీరులో, అడిగినవాడికి తగ్గట్టు జవాబు కొంత మారిన తీరులో కూడా ఆ రెండింటికీ పోలిక ఉంది.

ఊరు తన పత్రాలను తానే కాపాడుకుంటే ఏమవుతుందో చూడాలంటే హా తిన్ ప్రాంతంలోని ట్రూంగ్ లూ గ్రామాన్ని చూడండి. 1689 నుంచి 1943 వరకు ఉన్న అక్కడి హాన్ నోమ్ పత్రాలు (చైనా లిపిలోనూ, దాని నుంచి వచ్చిన పాత వియత్నాం లిపిలోనూ రాసినవి) 2022లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ ప్రాంతీయ స్మృతి జాబితాలో చేరాయి. వాటిలో అసలు రాజాజ్ఞలు 26 ఉన్నాయి. రాజధాని భాండాగారాలకు దక్కే గౌరవం, ఇళ్లలో పెట్టెల్లో దాచిన కాగితాలకు దక్కింది.

ఏటి ఒడ్డున

విషయం పక్కకు పోకుండా ఒక్క మాట. ఈ దేవతలంతా చైనా తరహా వీరులో మంత్రులో అనుకోవద్దు. ఫాన్ థియెట్ తీరంలో 1762 నాటి వాన్ థుయ్ తూ మందిరంలో దేవుడు తిమింగిలం. 22 మీటర్ల ఎముకల గూడు అక్కడే ఉంది. "దక్షిణ సముద్రపు మహావంశపు మణిపొలుసుల దేవుడు" అనే అర్థం వచ్చే బిరుదును న్గుయెన్ రాజులు తిమింగిలానికి ఇచ్చారు. తుపానులో జాలరుల పడవలను వీపు మీద మోసి ఒడ్డుకు చేర్చే దేవుడని తీరప్రజల నమ్మకం.

న్యా ట్రాంగ్‌లోని పో నగర్ గుడికి నేను వెళ్లాను. అది ఒకప్పుడు ఆ తీరాన్ని ఏలిన చాం ప్రజల అమ్మవారి గుడి. గోడల మీది సంస్కృత శాసనాలలో ఆమె భగవతి. పేరులోని నగర్ మన నగరమే. వియత్నాం ప్రజలు ఆ అమ్మను థియెన్ యి ఆ నా అనే పేరుతో తమ తల్లిగా స్వీకరించారు. న్గుయెన్ రాజులు ఆమెకు పై తరగతి హోదా ఇచ్చారు, 1856లో ఫాన్ థాన్ జాన్ అనే మంత్రి ఆమె కథను రాతి మీద చెక్కించాడు. సంస్కృత శాసనం ఉన్న గోడకు కొద్ది దూరంలోనే చైనా లిపిలోని ఆ రాయి ఉంది. రెండింటికీ మధ్య నిలబడి నేను చాలాసేపు కదలలేకపోయాను.

మెకాంగ్ తీరం

జాతర నుంచి నిన్ననే వచ్చాను. లామినేషన్ ఆగిపోయింది. పెన్నా ఒడ్డు గారి సనదు సంగతి చెప్పగానే పెట్టె కాపాడే ఇంటి పెద్దావిడ, "ఇక ఆ మాట ఎత్తవద్దు" అని అందరితో అన్నారు.

నాణేలు రెండోసారికి అనుకూలంగా పడ్డాయి. తెల్లవారుజామున కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీశాను. పక్కన కొలబద్ద పెట్టాను. వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేటట్టు ఇంకొక వరుస తీస్తే, సుత్తి దెబ్బలకు కాగితంలో ఏర్పడిన చిన్న చిన్న గుంటలు కనిపించాయి. డ్రాగన్ వెండి నల్లబడింది, కానీ ఒక కన్ను మాత్రం ఇంకా మెరుస్తోంది. వెనకవైపు ఎవరో ఎప్పుడో బడి నోటు పుస్తకం కాగితంతో అతుకు వేశారు. నీలిగీతలు అలాగే ఉన్నాయి.

హాన్ అక్షరాలు గారికి ఫొటోలు పంపాను. తేదీ మీరంతా ఊహించినదే. అయితే ఒక విషయం నన్ను కొంచెం నిరాశపరిచింది. దేవుడికి సొంత పేరు లేదు, "ఈ ప్రాంతపు రక్షకుడు" అని మాత్రమే ఉందట. పాఠం కూడా వందల ఊళ్లలో ఉన్నదే. ఇంత చేసి, అందరి దగ్గరా ఉన్న పాఠమే దొరికిందా అనిపించింది.

హాన్ అక్షరాలు

పాఠం ఒకటే కావచ్చు, కానీ చిరునామా ఒకటి కాదు. పూజకు అనుమతి ఇచ్చే చోట జిల్లా పేరు, ఊరి పేరు ఉంటాయి. ఫ్రెంచి వారు వచ్చాక దక్షిణాదిలో ఊళ్లను కలిపారు, విడదీశారు, పేర్లు మార్చారు. 1852లో ఆ ఊరు ఏ పేరుతో, ఏ జిల్లా కింద ఉండేదో చెప్పడానికి చాలా చోట్ల ఈ ఒక్క వరుసే ఆధారం. సరిగ్గా అక్కడే మీ పత్రంలో చెదలు తిన్న రంధ్రం ఉంది. జిల్లా పేరు ఉంది, ఊరి పేరులో రెండో అక్షరం ఉంది, మొదటిది పోయింది. పై అంచున మిగిలిన గీతలను బట్టి రెండు మూడు అక్షరాలు ఊహించగలను కానీ, ఊహను పాఠంగా రాయను.

మెకాంగ్ తీరం

మీ సందేశం రాగానే సహోద్యోగికి చూపించాను, ఆయన వెంటనే వాళ్ల పెదనాన్నకు ఫోన్ చేశారు. జాతరలో దేవుడి ముందు చదివే ప్రార్థన ఒకటుంది. దాన్ని తరతరాలుగా నోటితోనే నేర్చుకుంటారు. అందులో ఊరు తనను ఇప్పటి పేరుతో కాకుండా వేరే పేరుతో చెప్పుకుంటుందట. అది ఎందుకో ఎవరికీ తెలియదు, పెద్దలు అలాగే చదివారు కాబట్టి అలాగే చదువుతున్నారు. ఆ పేరులో రెండో మాట, పత్రంలో మిగిలిన అక్షరం ఒకటే. మొదటి మాట "తాన్".

హాన్ అక్షరాలు

కొత్త అనే అర్థం వచ్చే తాన్ అక్షరం పైభాగం, రంధ్రం అంచున మిగిలిన గీతలతో సరిపోతోంది. నకలులో దాన్ని చదరపు కుండలీకరణంలో పెట్టి, ప్రార్థన ఆధారంగా పూరించినట్టు పక్కన రాయండి.

కాగితం పని

అసలు పత్రం మీద మాత్రం ఆ అక్షరం రాయనివ్వకండి. రంధ్రాన్ని వెనక నుంచి పలుచని జో కాగితం, గోధుమ గంజితో మూయవచ్చు. అది కూడా అనుభవం ఉన్నవారి చేతిమీదుగానే జరగాలి. నోటు పుస్తకపు అతుకు తీసేస్తే దాన్ని పారేయకుండా కవరులో పెట్టి పత్రంతోనే ఉంచమనండి. పత్రాన్ని సన్నగా చుట్టకుండా, లావుపాటి గొట్టానికి ఆమ్లం లేని కాగితం చుట్టి దాని మీద వదులుగా చుట్టండి. ఆ లక్క పెట్టెలో గొట్టం పడుతుందా?

మెకాంగ్ తీరం

పట్టదు. కొలిచి చూశాం, నాలుగు వేళ్లు తక్కువైంది. పాత పెట్టెను అలాగే ఉంచి, అదే ఎర్ర లక్కతో ఇంకొంచెం పెద్దది చేయడానికి ఊరి వడ్రంగి ఒప్పుకున్నాడు. వచ్చే జాతరకు పల్లకీలో రెండూ వెళతాయి.